జ్వరం రాకముందే చెప్పాల్సిన మాటలు

రాత్రి రెండు దాటింది. పది కిలోల బిడ్డ, ఒళ్లు కాలిపోతోంది. తల్లి లైటు వేసి మందుల డబ్బా వెతికితే రెండు సీసాలు దొరికాయి. రెండింటి మీదా పారాసిటమాల్ అనే ఉంది, ఒకటి డ్రాప్స్, ఇంకోటి సిరప్. పోయినసారి డాక్టర్ గారు "ఐదు ఎంఎల్ వెయ్యండి" అన్నట్టు గుర్తుంది గానీ అది ఏ సీసా గురించి అన్నారో గుర్తు లేదు. చీటీ కనపడదు. ఫోన్‌లో వెతికితే పది చోట్ల పది రకాలుగా ఉంది. బిడ్డ ఏడుపుకి ఇంట్లో అందరూ లేచారు, తలా ఒక సలహా ఇస్తున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూద్దాం, ఎందుకంటే ప్రమాదమంతా ఈ లెక్కలోనే ఉంది. పిల్లలకు పారాసిటమాల్ డోసు బరువును బట్టి లెక్క కట్టాలి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే ఈ బిడ్డకి ఒక్కసారికి 100 నుంచి 150. చాలా డ్రాప్స్ సీసాల్లో ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్ అయితే 5 ఎంఎల్‌కి 120 ఉన్నవి ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. ఆ తల్లి కంగారులో డ్రాప్స్ సీసాలోంచి ఐదు ఎంఎల్ పోసిందంటే బిడ్డ కడుపులోకి 500 మిల్లీగ్రాములు వెళ్లినట్టు, అంటే గరిష్ఠ డోసుకి మూడు రెట్లకు పైనే, అదే మళ్లీ తెల్లారుజామున ఇంకోసారి వేస్తే కాలేయం మీదకు వస్తుంది. తిరగేసి, 120 ఉన్న సిరప్‌ని డ్రాప్స్ అనుకుని ఒక్క ఎంఎల్ వేస్తే అందులో ఉండేది 24 మిల్లీగ్రాములు. దాంతో జ్వరం దిగదు. దిగలేదని జలుబు సిరప్ కూడా వేస్తారు, ఆ జలుబు సిరప్‌లోనూ చాలాసార్లు పారాసిటమాలే ఉంటుంది.

ఆ తల్లి చదువుకున్న మనిషే అయ్యుండొచ్చు, ఉద్యోగం చేస్తున్న మనిషే అయ్యుండొచ్చు. తప్పు ఆమెది కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం. పిల్లల ఆరోగ్యం గురించి ఇన్ని మాటలు వినిపిస్తున్న రోజుల్లో కూడా, ఆ రాత్రి ఆమెకు కావాల్సిన నాలుగు ముక్కలు, ఆమె బిడ్డ బరువుకు సరిపోయేలా, ఆమెకు అర్థమయ్యే మాటల్లో, జ్వరం రాకముందు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం కూడా వైద్యంలో లోపమే. మందు రాసి ఇవ్వడంతో పని అయిపోయిందనుకునే పద్ధతి మారాలి.

సమాచారం దానంతటదే ప్రాణాలు కాపాడుతుందా అని అడిగేవాళ్లు చంటిపిల్లల్ని పడుకోబెట్టే తీరు ఎలా మారిందో ఒకసారి చూడాలి. చాలా దేశాల్లో 1980ల దాకా చంటిబిడ్డల్ని బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పేవారు, వాంతి అయితే ఊపిరి ఆడకుండా పోతుందన్న భయంతో. మంచి ఉద్దేశమే గానీ సలహా తప్పు. నిద్రలోనే కారణం తెలియకుండా చనిపోయే పసికందుల్లో బోర్లా పడుకున్నవాళ్లే ఎక్కువని తేలాక, 1991లో బ్రిటన్‌లో, న్యూజిలాండ్‌లో, 1994లో అమెరికాలో "బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టండి" అంటూ ప్రచారం మొదలుపెట్టారు. కొత్త మందు లేదు, టీకా లేదు, మిషన్ లేదు. ఆ ఒక్క మాట ఇల్లిల్లూ చేరినందుకే అమెరికాలో అలాంటి మరణాలు పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. మనసును కలిచివేసే సంగతి ఇంకోటుంది. పాత అధ్యయనాలన్నీ ముందేసుకుని 2005లో మళ్లీ లెక్క వేసి చూసినవాళ్లు, బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని చెప్పడానికి తగిన ఆధారం 1970 నాటికే ఉందన్నారు. తెలిసిన మాట ఇళ్లకు చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని ఇళ్లు ఏడ్చాయో తలుచుకుంటే, చెప్పడంలో ఆలస్యం ఎంత ఘోరమో తెలుస్తుంది.

విరేచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ కథా ఇలాంటిదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షల మంది పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గర శిబిరాల్లో ఉన్నప్పుడు కలరా వచ్చింది. సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల పక్కన ఉన్న అమ్మలకు, అక్కలకు ఎలా తాగించాలో చెప్పించి వాళ్ల చేతే పట్టించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ శిబిరంలో 4 శాతం లోపుకు వచ్చాయి. నర్సింగ్ తెలియని మనుషులే ఆ పని చేశారు. ఎలా చెయ్యాలో ఎదురుగా నిలబడి చూపించినవాళ్లు ఉన్నారు కాబట్టి చెయ్యగలిగారు.

ఇవాళ చాలా ఇళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంది, చూపించేవాళ్లే లేరు. లీటరు నీళ్లలో కలపాలని రాసి ఉన్న ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకి కొత్త ప్రమాదం వస్తుందని, "కొంచెం కొంచెం కలుపుదాంలే" అని సగం ప్యాకెట్ అంచనాగా వేస్తే పాళ్లు తప్పుతాయని ఎవరు చెప్తున్నారు? దాహంగా ఉన్న బిడ్డకి గ్లాసుడు ఒకేసారి పట్టిస్తే మొత్తం కక్కేస్తుంది, "మా వాడికి ఓఆర్‌ఎస్ పడదు" అనేస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ అయితే చెంచాతో నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. ఓపిక కావాల్సిన పని, చెయ్యి నొప్పి పుడుతుంది, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా చేస్తే తప్ప కుదరదు. తల్లిపాలు ఆపకూడదు. విరేచనాలు తగ్గినా సరే జింక్ మాత్రం 10 నుంచి 14 రోజులు వెయ్యాలి, ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకి 10 మిల్లీగ్రాములు, దాటితే 20. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఈ మాట చెప్పింది 2004లో. విరేచనాలు తగ్గగానే మూడో రోజు జింక్ సీసా పక్కన పెట్టేసే ఇళ్లు ఇంకా ఉన్నాయంటే, ఎందుకు వెయ్యాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదనే అర్థం.

అసలు తల్లిదండ్రులకు అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది మందుల పేర్లు కాదు, ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు ఇంట్లో ఉండి చూసుకోవచ్చో. థర్మామీటర్‌లో అంకె 103 చూసి చాలామందికి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి 103 ఉన్నా, మందు వేశాక ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ, మన మొహం చూసి నవ్వే పిల్లాడి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 100 మాత్రమే ఉండి, కళ్లు తెరవకుండా, పాలు పట్టబోతే నోరు తెరవకుండా వాలిపోయిన పిల్లాడి గురించి భయపడాలి. జ్వరం ఒంట్లో జరుగుతున్న పోరాటానికి గుర్తు, అంకెతో పాటు పిల్లాడినీ చూడాలి. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, అది గట్టిగా గుర్తుండాలి: మూడు నెలలు నిండని బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా ఆపైన ఉందంటే చాలు, బిడ్డ బాగానే కనిపిస్తున్నా సరే, సొంతంగా మందు వేసి తెల్లారనిద్దామని చూడకుండా అప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

దగ్గు, జలుబులో చూడాల్సింది ఊపిరి. ఇది ఇంట్లో ఎవరైనా చెయ్యగలిగిన పరీక్ష, గడియారం ఉంటే చాలు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకి లాగి, పొట్ట, ఛాతీ పైకి లేవడం ఒక నిమిషం నిండా లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పులు వస్తాయి, చిన్నపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 లేదా ఆపైన ఉంటే అది వేగం కిందే లెక్క, ఆ రోజే చూపించాలి. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింద భాగం లోపలికి లాక్కుపోతుంటే, మనవాళ్లు డొక్కలు ఎగరేస్తున్నాడు అంటారే, అప్పుడు లెక్కపెడుతూ కూర్చోకూడదు, బయల్దేరాలి. ఏమీ తాగలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా లేవని మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంతే. ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోయినా ఆలస్యం చెయ్యకూడదు.

ఫిట్స్ అన్నాం కాబట్టి ఆ భయం గురించి కూడా చెప్పాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూసినవాళ్లు బిడ్డ చనిపోతోందనే అనుకుంటారు, ఆ భయం మాటల్లో చెప్పలేం. చాలావరకు ఐదు నిమిషాల లోపే వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకు దెబ్బ తగలదు. ఆ ఐదు నిమిషాల్లో జరిగే పొరపాట్లే బిడ్డకు హాని చేస్తాయి: నోట్లో చెంచా పెట్టడం, వేలు పెట్టడం, నీళ్లు పోయడం, కాళ్లూ చేతులూ అదిమిపట్టడం. బిడ్డని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేసి, టైమ్ చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా అత్యవసరం. తొందరగా ఆగిపోయినా, మొదటిసారి అయితే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఈ నాలుగు ముక్కలు ముందే విని ఉన్న తండ్రికి ఆ క్షణంలో చేతులు వణుకుతాయి గానీ తప్పు పని చెయ్యవు.

ఇన్ని చెప్పడానికి టైమ్ ఎక్కడిదని డాక్టర్లు అంటారు. బయట నలభై మంది కూర్చుని ఉంటారు, నిజమే, వాళ్ల కష్టం మాకు తెలుసు. అయినా మేము అడుగుతున్నది పెద్ద ఉపన్యాసం కాదు. చీటీ మీద బిడ్డ బరువు, మందు పేరు పక్కనే అది డ్రాప్సో సిరప్పో, 5 ఎంఎల్‌లో ఎంత ఉందో, ఎన్ని ఎంఎల్ వెయ్యాలో, ఎన్ని గంటలకోసారో, రోజుకి ఎన్నిసార్లకు మించకూడదో రాయండి, ఎవరైనా చదవగలిగేలా రాయండి. కింద రెండు లైన్లు: ఇవి కనిపిస్తే వెంటనే రండి. తర్వాత "ఇంటికెళ్లి ఎలా వేస్తారో ఒకసారి చెప్పండమ్మా" అని అడగండి. "అర్థమైందా" అంటే ప్రతి ఒక్కరూ తలాడిస్తారు, డాక్టర్ ముందు అర్థం కాలేదనడానికి మొహమాటం. ఎలా వేస్తారో చెప్పించుకుంటే పొరపాటు అక్కడే బయటపడుతుంది, అర నిమిషంలో సరిదిద్దొచ్చు.

మందుల కంపెనీలూ తప్పించుకోలేవు. పసిపిల్లల డ్రాప్స్‌కి, పిల్లల సిరప్‌కి గాఢత వేర్వేరుగా ఉండటం వల్ల పొరపాట్లు జరుగుతున్నాయని అమెరికాలో 2011లో తయారీదార్లు అంతా కలిసి పిల్లల పారాసిటమాల్‌ని 5 ఎంఎల్‌కి 160 మిల్లీగ్రాములనే ఒకే గాఢతకి మార్చుకున్నారు. ఒక చోట చెయ్యగలిగింది అన్ని చోట్లా చెయ్యొచ్చు. సీసాతో పాటు గీతలున్న సిరంజి ఇవ్వడం అంతకన్నా తేలిక. ఇంట్లో చెంచాలన్నీ ఒకే సైజులో ఉండవు, చెంచాతో కొలిచిన డోసు నమ్మదగ్గది కాదు, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లోనే చెంచా మాట వదిలేసి ఎంఎల్‌లోనే చెప్పాలని, రాయాలని తీర్మానించింది.

పత్రికలుగా మా బాధ్యతా ఉంది. భయపెట్టే హెడ్డింగ్ పెట్టి, కింద "డాక్టర్‌ని సంప్రదించండి" అని ముగిస్తే ఆ రాత్రి రెండింటప్పుడు ఆ తల్లికి మేము ఇచ్చింది ఏమీ లేదు. ఎంఎల్, మిల్లీగ్రాముల తేడా ఒక్కటి సరిగ్గా చెప్పగలిగితే అదే పదివేలు.

ఇక ఇళ్లలో. బిడ్డని చూసుకునేది తల్లి ఒక్కతే కాదు, అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్య, తండ్రి, ఆఫీసుకెళ్తే చూసుకునే ఆయా, వీళ్లందరికీ ఒకే మాట తెలిసుండాలి. తల్లి ఎనిమిదింటికి వేసిన మందు తెలియక నాయనమ్మ తొమ్మిదింటికి మళ్లీ వేసే ఇళ్లు మనకు తెలియనివి కావు, ఇద్దరిదీ ప్రేమే. అందుకే ఒక కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, బిడ్డ బాగున్నప్పుడే, టీకాకి వెళ్లినప్పుడైనా సరే, దాన్ని ఆయన ముందే నింపించుకోండి: బిడ్డ బరువు, ఆ బరువు చూసిన తేదీ, మన ఇంట్లో ఉన్న సీసా ఏది, దాంట్లోంచి ఎన్ని ఎంఎల్, రాత్రిపూట ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి. కింద ఖాళీ వదలండి, మందు వేసిన ప్రతిసారీ వేసినవాళ్లు టైమ్ రాయడానికి. పెన్ను దారంతో కట్టి అక్కడే వేలాడదీయండి. పిల్లలు పెరుగుతారు, రెండు మూడు నెలలకోసారి బరువు చూసి పాత అంకె కొట్టేసి కొత్తది రాయండి, పక్కన ఎంఎల్ కూడా మార్పించుకోండి.