పాత డీవీడీ రైటర్లో ఊదా లేజర్ ఉండదు

రాజమండ్రి నుంచి అమలాపురం దాకా సైన్స్ ప్రాజెక్టులు చేసే కుర్రాళ్ల ఫోన్లలో ఒక సలహా తిరుగుతోంది: “పాత డీవీడీ రైటర్ విప్పి ఊదా లేజర్ డయోడ్ తీయండి. 3.7 వోల్టుల లిథియం సెల్‌కి నేరుగా కలపండి. సముద్రం పక్కన ఉన్నాం, గాలిలో తేమ ఉంది, స్టాటిక్ (స్థిర విద్యుత్తు) గొడవ లేదు. వెలుగు మసగ్గా ఉంటుంది కాబట్టి కంటికీ భయం లేదు.” నాలుగు మాటలూ తప్పే.

డీవీడీ రైటర్లో దొరికేది 650 నానోమీటర్ల దగ్గరి ఎరుపు, సీడీల కోసం 780 పరారుణం. 405 ఊదా కావాలంటే బ్లూరే డ్రైవో, ప్లేస్టేషన్ 3 డ్రైవో దొరకాలి. అందులోనూ చదివే డ్రైవే చాలు. బ్లూరే రైటర్ డయోడ్ వంద మిల్లీవాట్లు దాటుతుంది, బల్ల మీద ఆటకి అది దేనికి? పికప్ (డ్రైవ్‌లో లేజరూ లెన్సూ ఉండే ముక్క) ఊడదీయడంలో పోయే డయోడ్లని లెక్కేస్తే, కరెంటుని అదుపు చేసే డ్రైవర్ సర్క్యూటూ లెన్సూ బిగించి వచ్చే 5 మిల్లీవాట్ల 405 మాడ్యూలే చవక. తెచ్చింది ఊదానో కాదో పసుపు చెప్తుంది: ఆల్కహాల్ శానిటైజర్లో చిటికెడు కలిపి తేరనిచ్చి గాజు సీసాలో పోసి, అందులోకి లేజర్ కొట్టండి. కిరణం పోయిన దారంతా ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎర్ర లేజర్‌కి ఆ మెరుపు రాదు.

ఇక సెల్. ఊదా డయోడ్‌కి ఇంచుమించు 4.5 నుంచి 5.5 వోల్టులు కావాలి. లిథియం సెల్ నిండా ఎక్కినా 4.2. అది వెలగలేదని 9 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఒక్క క్షణంలో మాడుతుంది. కావాల్సింది కరెంటుకి కళ్లెం. ఎల్ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీలో అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్‌కీ మధ్య 39 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ కాలు నుంచి డయోడ్‌కి ఇవ్వండి: 1.25ని 39తో భాగిస్తే 32 మిల్లీఆంపియర్లు. సప్లై 12 వోల్టుల అడాప్టర్. ముందు లేజర్ డయోడ్ బదులు ఆరు 1ఎన్4007 మామూలు డయోడ్లూ ఒక ఓమ్ రెసిస్టరూ వరసగా పెట్టి చూడండి. ఆ రెసిస్టర్ మీద మీటర్ 32 మిల్లీవోల్టులు చూపాలి. సప్లై ఆన్‌లో ఉండగా డయోడ్ తగిలించకండి. ఖాళీగా ఉన్న ఎల్ఎం317 అవుట్‌పుట్ సప్లై దాకా ఎక్కి కూర్చుంటుంది, డయోడ్ ఆ దెబ్బకే పోతుంది.

తేమ స్టాటిక్‌ని తగ్గించే మాట నిజమే, ఏసీ ల్యాబ్‌లో ఆ తేమ ఎక్కడిది? అసలు హంతకి రెండు పిన్నుల సోల్డరింగ్ ఐరన్. ఎర్త్ లేని దాని మొన నుంచి లీకయ్యే కరెంటు చాలు. డయోడ్ కాళ్లన్నిటినీ కలిపి సన్నటి రాగి పోగుతో చుట్టేయండి, ఐరన్ కాగాక ప్లగ్ పీకి అప్పుడు అతకండి, పోగుని చివర్న విప్పండి.

మసక అన్నది కంటి లోపం, లేజర్ మంచితనం కాదు. అంతే పవరున్న 650 ఎరుపు కంటే 405 చాలా రెట్లు మసగ్గా కనిపిస్తుంది. రెటీనా మీద పడే శక్తి మాత్రం అంతగా తగ్గదు, పైగా కన్ను రెప్ప వేయడం మర్చిపోతుంది. తెల్లకాగితం మీద కనిపించే నీలి చుక్క కాగితంలోని రసాయనం మెరుపే, దాన్ని చూసి పవరు అంచనా వేయకండి. చీటీ మీద 5 మిల్లీవాట్లు అని ఉన్నా అంతకు చాలా ఎక్కువ ఇచ్చే పాయింటర్లు ఉన్నాయి. కూలింగ్ గ్లాసులు పనికిరావు. 405 దగ్గర ఓడీ 4 (ఆ కాంతిని పదివేల రెట్లు తగ్గించేది) అని ముద్రించిన కళ్లద్దాలే కొనండి.