మ్యాట్ల మధ్య సందు గారికి చిటికెన వేలి విన్నపం

మహారాజశ్రీ సందు గారికి,

తమరు క్షేమమా అని అడగక్కర్లేదు. తమరెప్పుడూ క్షేమమే. నిన్న సాయంత్రం జూడో క్లాసు మొదలైనప్పుడు మూడో వరస మ్యాటుకీ నాలుగో వరస మ్యాటుకీ మధ్య గీతలా పడుకుని ఉన్న తమరు, ఎనిమిదయ్యేసరికి సుబ్బరంగా నోరు తెరిచారు. కుడికాలి చిటికెన వేలు లోపలికెళ్ళింది. కాలు ముందుకొచ్చీసింది, వేలు రాలేదు. ఇవాళ అది అల్లనేరేడు రంగుకి తిరిగి, పక్క వేలిని కరుచుకుని టేపులో పడుకుంది.

నొప్పి సంగతి తర్వాత. ముందు పరువు సంగతి. జూడోలో దెబ్బ తగిలిందంటే ఎవరో ఎత్తి పడేశారని జనం అనుకుంటారు. అందులో ఓ మర్యాద ఉంది. నలభై దాటిన మనిషి కుంటుకుంటూ ఏడు రోడ్ల జంక్షన్లో ఆటో ఎక్కితే "ఏటైందండీ" అని అడక్క మానరు. మ్యాటు కరిచిందండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? సందట్లో సడేమియా అని విన్నాం గానీ, సందే సడేమియా అవడం శ్రీకాకుళంలోనే చూస్తున్నాం.

తమరి ప్రతిభని తక్కువ చెయ్యను. త్రోకి మూడు మెట్లని మాస్టార్లు చెప్తారు. ముందు కుజుషి, ఎదుటివాడి నిలకడ చెడగొట్టడం. తర్వాత త్సుకురి, మనం సరైన చోటికి చేరుకోవడం. ఆఖరిది కాకె, పడెయ్యడం. వారానికి రెండ్రోజులొచ్చే మాలాంటి వాళ్ళకి ఈ మూడూ ఒంటబట్టాలంటే ఏళ్ళు పడుతుంది. తమరు గ్రిప్ పట్టకుండా, బెల్టు కట్టకుండా, వెల్లకిలా పడుకునే మూడూ ఒక్క దెబ్బకి కానిచ్చేస్తారు. రిఫరీ ఉంటే పూర్తి గెలుపని ఇప్పన్ ఇవ్వాలో, సగం గెలుపని వాజా-అరి ఇవ్వాలో తేలక జుట్టు పీక్కునేవాడు.

అసలు ఫిర్యాదు ఒకటే. తప్పు చేసినవాణ్ణి తమరు పట్టుకోరు. చెప్పింది చెప్పినట్టు చేసినవాణ్ణే పట్టుకుంటారు.

జూడోలో మొదటి రోజు నేర్పేది నడక. పాదం ఎత్తకు, మ్యాటుకి రాసుకుంటూ జరుపు, ఒక కాలు ఇంకో కాలిని దాటనియ్యకు. పాదం గాల్లో ఉన్న క్షణమే ఎదుటివాడు కాచుకునే క్షణం. ఇదంతా బుద్ధిగా పాటించేవాడి వేళ్ళు నేలబారునే పోతాయి, నేరుగా తమరి నోట్లోకి. మొదటి వారం కుర్రాడు, ఇంకా నడక రానివాడు, దమ్ము చేసిన మడిలో దిగినట్టు కాళ్ళెత్తెత్తి వేస్తాడు చూడండి, వాడికేమీ కాదు.

కాలు ఊడ్చి పడేసే దె-అషి-బరాయ్ సంగతి చూడండి. ఎదుటివాడు అడుగు ముందుకేసి, బరువు ఇంకా పూర్తిగా ఆ కాలి మీదకి రాని క్షణంలో, చీలమండ కిందుగా మన అరికాలితో ఊడ్చెయ్యాలి. అరికాలు లోపలికి తిరగాలి, కాలు నడుము దగ్గర్నుంచి రావాలి, చిటికెన వేలి అంచు మ్యాటుని తుడుస్తూ పోవాలి. చీపురు నేలకి ఆనకపోతే చెత్త కదలదు కదా, ఇదీ అంతే. అంచు పైకి లేస్తే దెబ్బ ఎదుటివాడి మోకాలి కింద ఎముక మీద పడుతుంది. వాడు పడడు, తిడతాడు. అంటే ఎంత బాగా చేస్తే చిటికెన వేలు అంత వేగంగా, అంత నేలబారుగా వస్తుంది. దారిలో తమరు.

వేలు పోతే వేలే అనుకుందాం. ఒళ్ళు తిప్పి పడేసే తాయ్-ఒతోషికో సెయో-నాగెకో తిరిగేవాడు మడమ ఎత్తి, మునివేళ్ళ కింది కండ మీద బొంగరంలా తిరగాలి. ఆ కండ తమరి అంచున ఇరుక్కుందనుకోండి. నడుము తిరిగిపోతుంది, పాదం ఉన్నచోటే ఉంటుంది, రెండింటికీ మధ్య మోకాలు ఉంటుంది. మోకాలు తలుపు బందు లాంటిది, తెరవడానికీ మూయడానికీ పనికొస్తుంది. మెలిపెడితే ఓర్చుకోదు. లోపలివైపు లిగమెంటు కాస్త సాగితే వారాల్లో తేలుతుంది. నడిమధ్యనున్న ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందా, చాలామందికి ఆపరేషను, ఆ తర్వాత మళ్ళీ పట్టు పట్టాలంటే తొమ్మిది నెలల పైమాట. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు, ఆఫీసు సెలవులు ఉన్న మనిషికి తొమ్మిది నెలలంటే తెలుసా? అప్పుడు కూడా నువ్వు ఇలాగే ఏమీ ఎరగనట్టు గీతలా పడుకుని ఉంటావు. తమరు గిమరు అయిపోయింది. ఇంక నువ్వే.

నువ్వెలా పుడతావో ఇక్కడ తెలీనివాళ్ళు లేరు. మ్యాటు ఒక మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల మందం, పదిహేను ఇరవై కిలోల బరువు. లోపల నొక్కి అంటించిన ఫోము ముక్కలు, పైన చాప నేత అచ్చుపోసిన వినైలు, అడుగున జారకుండా పట్టుపొర. ఆ పట్టు గచ్చు శుభ్రంగా ఉన్నంతవరకే. కిందకి నాలుగు ఇసుక రేణువులు చేరాయంటే సైకిల్ బేరింగు గుళ్ళలా దొర్లుతాయి. త్రో చేసేవాడు ముందుకి దూకాలంటే మ్యాటుని వెనక్కి తన్నాలి. గంటసేపు అందరూ ఒకే వైపు తిరిగి ఉచికోమి, అంటే పడెయ్యకుండా త్రోలోకి మళ్ళీ మళ్ళీ దూరే సాధన, చేస్తే ఆ తన్నులన్నీ ఒకే దిక్కుకి పడతాయి. గోడ దగ్గర ఎవరూ పట్టించుకోని రెండు వేళ్ళ ఖాళీ ఉంటుంది. మ్యాట్లు దానిలోకి జరుగుతాయి, ఆ ఖాళీ మెల్లగా ఎదురు నడిచొచ్చి హాలు నడిమధ్య కూర్చుంటుంది. అదే నువ్వు.

అందుకే మడమతో తన్ని నిన్ను మూసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఇక్కడ మూస్తే పక్క వరసలో తెరుచుకుంటావు. నువ్వు చావవు, జరుగుతావు. బ్రౌన్ టేపు వేసేవాళ్ళ మీద ఇంకా జాలి. చెమటకీ ఫినాయిలుకీ మూడో రోజుకల్లా అంచు లేస్తుంది, ఇంక ఆ లేచిన టేపు అంచే కాలికి పడుతుంది. జిగ్‌సా ముక్కల్లా ఒకదాంట్లో ఒకటి దూర్చే మ్యాట్లు తెస్తే బాధ లేదంటారు. ఆ పళ్ళు పిల్లలు కింద పడి లేచినంతకాలం బాగానే ఉంటాయి. ఎనభై కిలోల మనిషి నాలుగు నెలలు గిర్రున తిరిగితే అరిగి, ఎండిన అప్పడాల్లా అంచులు లేపుతాయి.

వంగి ఫోను లైటేసి చూస్తే నీ కడుపులో ఏముందో కనిపిస్తుంది. ఊడిన టేపు చుట్ట, తల వెంట్రుకల ఉండ, ఎవరిదో రబ్బరు బ్యాండు, వేరుశనగ పొట్టు, దాని వెంట చీమల బారు, అడుగున నల్లగా చెమ్మ. 4 సెంటీమీటర్ల లోతులో ఓ చిన్న మున్సిపాలిటీయే ఉంది.

1882లో జూడోని పుట్టించిన జిగోరో కానో గారు టోక్యోలో ఎయిషోజి అనే గుళ్ళో కొడోకాన్ అనే జూడో బడి మొదలెట్టినప్పుడు ఆయన దగ్గరున్నది 12 చాపల గది. ఆ చాపల కడుపులో ఉండేది వరిగడ్డి. వరిగడ్డండీ! కోతలయ్యాక మన జిల్లాలో ఏ కళ్ళంలో చూసినా ఉండేదే. అది అక్కడ అంత ఒద్దికగా కూర్చోడానికి కారణం గడ్డి గొప్పతనం కాదు. జపాను వాళ్ళు గదినే ఇన్ని చాపలని లెక్కేసి కట్టుకుంటారు. మన హాలు ఏ లెక్కన కట్టారో కట్టిన కంట్రాక్టరుకే తెలియాలి. పోటీలు జరిగేచోట మ్యాట్ల మధ్య ఖాళీ ఉండకూడదని, కదలకుండా ఉండాలని అంతర్జాతీయ జూడో సమాఖ్య నియమాల్లోనే ఉంది. నియమం నీకు చదివి వినిపించాలా?

కొత్త మ్యాట్లు వచ్చే నెలలో వస్తాయని చెప్పినవారికి నా నమస్కారాలు. ఏ సంవత్సరంలోని వచ్చే నెలో అడగడం మరిచిపోయాం. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి గడ్డ అని, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి గారి జిల్లా అని ప్రతి సభలోనూ చెప్తారు. చెప్పాలి కూడా. ఆ చెప్పే వేదిక మీద పరిచిన తివాచీకి మాత్రం ఎక్కడా సందుండదు. "పిల్లల ఆటలు నీకెందుకు మావయ్యా" అనేవాళ్ళకి జవాబు లేదు. వేలు చూడకుండానే ఆట మానెయ్యమనే డాక్టర్లకీ లేదు. పసుపు, సున్నం కలిపి పట్టు వెయ్యమన్నవాళ్ళ ప్రేమకి దండం. దెబ్బ తగలకుండా పడే ఉకెమి నేర్చుకోకుండా, ఎదురెదురు పట్టు పట్టే ర్యాండోరికి దిగేవాళ్ళకి మాత్రం ఒక్క మాట. 2018 తిత్లీ తుఫానుకి ఉద్దానం కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో చూశారుగా, బిగుసుకుని పడితే అలాగే ఉంటుంది. గడ్డం ఛాతీకి ఆనించి, బెల్టు ముడి చూస్తూ, చెయ్యి చాపి మ్యాటుని చరుస్తూ పడండి. చేతిని నేలకి ఊతకర్రలా పెట్టారా, మోచెయ్యో భుజమో మీది కాదు.

నీ పుణ్యమా అని వేలు విద్య కూడా వంటబట్టింది. విను, నీ మూలంగా రేపు ఇంకొకడికి పనికొస్తుంది. వేలు పక్కకి తిరిగినా, తిమ్మిరెక్కినా, చర్మం చీలినా, బొటనవేలే దెబ్బతిన్నా ఇంటి వైద్యం లేదు. పాదం బయటి అంచున, సగం దూరంలో చేతికి తగిలే బుడిపె మీద నొక్కితే ప్రాణం పోతున్నా, నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్సరే తీయించుకోవాల్సిందే. షుగరున్నవాళ్ళు చిన్న గాయమైనా చూపించుకోవాలి. ఇవేవీ లేకపోతే తువ్వాల్లో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు, తర్వాత పక్క వేలితో జత కట్టడం. రెండు వేళ్ళ మధ్య పల్చగా దూది, లేదా గాజుగుడ్డ. అది లేకుండా కట్టినవాళ్ళకి మన ఉక్కకి నాలుగు రోజుల్లో చర్మం నానిన అటుకుల్లా అవుతుంది. అరంగుళం టేపు, మొదట్లో ఒక చుట్టు, గోటికి కాస్త కింద ఒక చుట్టు, కణుపు మీద మాత్రం వద్దు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి, రాకపోతే బిగువెక్కువైందన్నమాట. రోజూ విప్పి, ఆరబెట్టి, మళ్ళీ కట్టాలి. ఎముక చిట్లితే నాలుగు నుంచి ఆరు వారాలు.

చాలామంది చెడేది మూడో రోజున. టేపుకి నొప్పి అణుగుతుంది, తగ్గిందనుకుని ర్యాండోరికి దిగిపోతారు. ఆ వేళకి స్టూలు మీద కూచుని స్తంభానికి కట్టిన సైకిల్ ట్యూబు లాగుతూ ఉచికోమి చేసుకోవచ్చు. కడ్డీకి తువ్వాలేసి వేలాడితే గ్రిప్ బలపడుతుంది. వేళ్ళతో నేలని తొయ్యక్కర్లేని గ్రౌండ్ వర్క్ అయితే వెల్లకిలా పడుకుని చేసుకోవచ్చు. కుంటకుండా నడక వచ్చాక, ఒంటికాలి మీద మడమ పదిసార్లు ఎత్తి దించినా నొప్పి లేకపోయాక, తర్వాత గెంతినా లేకపోయాక ఉచికోమి, ఆపైన మందపాటి క్రాష్ మ్యాటు మీదకి త్రోలు. ర్యాండోరి అన్నిటికంటే ఆఖరున, అదీ కాలి ఊడ్పులు వద్దని ముందే మాటనుకున్న నెమ్మదస్తుడితో.

ఇదంతా నిన్ను క్షమించడానికి కాదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి 24 మ్యాట్లూ లేపి గోడకి నిలబెడుతున్నాం. ముందు పొడి చీపురు, తర్వాత తడిగుడ్డ, తర్వాత ఫ్యాన్లు వేసి గచ్చు పూర్తిగా ఆరేదాకా ఎవరూ ముట్టుకోరు. తడి ఆరకముందు పరిస్తే అడుగున బూజు, బూజు మీద జారుడు, మళ్ళీ నువ్వు. ఈసారి ఒక మూల నుంచి మొదలెట్టి గోడకి ఇటుకలు పేర్చినట్టు, ఒక వరస అతుకు పక్క వరస మ్యాటు నడుముకి వచ్చేలా వేస్తాం. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి రెండు దిక్కులా చాచి పడుకునే సుఖం నీకుండదు. మిగిలిన ఖాళీ అంతా గోడ వైపుకి తోలి, అక్కడ కొలత టేపుతో కొలిచి, సరిగ్గా అంతే వెడల్పు చెక్క కోయించి, పైన ఫోము అంటించి దిగ్గొడతాం. సుత్తితో కాదు, అరచేత్తో.

లారీ వాళ్ళు సరుకుకి వేసే రాచెట్ బెల్టు చుట్టూ వేద్దామని ఇంకొకరన్నారు. మ్యాట్లు పరిచిన మేర 8 మీటర్లు, 6 మీటర్లు, చుట్టుకొలత 28. పది మీటర్ల బెల్టులు మూడు జోడించాలి, మూలల్లో రేకు మడతలు పెట్టాలి. మరీ బిగిస్తే మధ్యలో మ్యాట్లు పెనం మీద దోసెలా లేస్తాయి. అందుకని ముందు చెక్కే.

నువ్వు పూర్తిగా పోతావని ఎవరికీ నమ్మకం లేదు. వానలకి చెక్క ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది, ఏప్రిల్లో ఎక్కడో ఒకచోట మళ్ళీ సన్నగా నవ్వుతావు. అప్పుడు నీకు వేలు దొరకదు. క్లాసుకి ముందు అతుకుల్లో ఏటీఎం కార్డు పెట్టి చూస్తాం. కార్డు నిలబడిందా, వంగి దణ్ణం పెట్టమని బొవ్ చెప్పేముందే మ్యాట్లు తోస్తాం.

ఇట్లు,
ఎవరికీ విధేయుడు కాని
కుడికాలి చిటికెన వేలు,
నాలుగో వేలి పూచీకత్తుతో.

తా.క. నిన్న లోపల పడిన గోరుముక్క ఆదివారం దాకా నీ దగ్గరే ఉంచుకో.