సవరణ: కౌన్సెలర్ నిబంధన అన్ని బడులకూ ఒకటి కాదు

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మొన్న రాసిన పోస్టులో "సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ప్రతి స్కూల్లో కౌన్సెలర్ తప్పనిసరి" అన్నాను. అది సరికాదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జులై 25న వచ్చిన తీర్పు అది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టాలంది. అంతకన్నా తక్కువ ఉన్నచోట, అవసరమైన పిల్లల్ని పంపేందుకు బయటి నిపుణులతో పక్కా ఏర్పాటు ఉండాలి. మన ఊళ్లలో చిన్న బడులెన్నో, కాబట్టి ఈ తేడా తక్కువదేం కాదు.

సిబ్బందికి మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఏడాదికి ఒకసారి అని రాశాను. కనీసం రెండుసార్లు, అదీ బోధనేతర సిబ్బందితో సహా.

మూడోది తలచుకుంటేనే సిగ్గుగా ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్లో రెండు అంకెలు తారుమారు చేశాను. సరైనది 14416. టెన్షన్‌లో ఉన్న పిల్లాడికి తప్పు నంబరిస్తే ఇంకేముంది! 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దీన్ని క్లాసుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టాలని కూడా తీర్పులో ఉంది.

పాత పోస్టు స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినవాళ్లు దయచేసి తీసేసి ఇది పెట్టండి.