బ్యాకప్ ఉన్నవాడిదే బర్రె

వాట్సాప్ బ్యాకప్ అనగానే ఫోన్లు అమ్మేవాళ్ళంతా ఒకే పాట అందుకుంటారు: మీ మధుర జ్ఞాపకాలు భద్రం. విశాఖపట్నం పౌరుడిగా ఈ మాటను తీవ్రంగా ఖండిస్తున్నాను. జ్ఞాపకాల కోసం బ్యాకప్ తీసుకునే మనిషిని మన ఊళ్ళో నేనింతవరకు చూడలేదు. తీసుకున్నవాళ్ళంతా సాక్ష్యం కోసమే తీసుకున్నారు. మనవడి మొదటి అడుగుల వీడియో పోతే "పోన్లే, వాడే ఎదురుగా తిరుగుతున్నాడు కదా" అని సర్దుకుంటారు. అదే ఆడపడుచు ఏనాడో సంక్రాంతికి "గొలుసు నేనే తీసుకెళ్ళాను వదినా, పండగయ్యాక ఇచ్చేస్తాను" అని పెట్టిన ఒక్క ముక్క పోయిందంటే ఆ ఇంట్లో రాత్రి ఎవరికీ కంటి మీద కునుకుండదు.

ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ ఉంది. పేరు అనవసరం; రైతుబజారుకు సంచీ పట్టుకుని నడిచి వెళ్ళేంత దూరం. సెల్లార్లో లిఫ్టు పక్కన పార్కింగ్ ఎవరిదన్నది అక్కడి గొడవ. మూడో అంతస్తు వాళ్ళకిస్తున్నట్టు పాత సెక్రటరీగారే గ్రూపులో ఒప్పుకున్నారని వాళ్ళ వాదన. "ఏటండీ బాబూ, నేనెప్పుడన్నానండీ?" అని ఆయన. చూద్దామంటే ఆయన ఫోన్ మార్చేశారు. ట్రెజరర్‌గారి ఫోన్ నిండిపోతే చాట్ మొత్తం క్లియర్ కొట్టేశారు. ఐదో అంతస్తు వాళ్ళు ఈ మధ్యే గ్రూపులో చేరారు కాబట్టి అంతకు ముందు చరిత్ర వాళ్ళకు కనపడదు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం పప్పులో పోపు పెడుతూనే ఫోన్ తీసి, పైకి జరిపి, ఇంకా పైకి జరిపి, వినాయక చవితి చందాల లెక్కలు దాటి, బోరు మోటారు కాలిపోయిన రోజు దాటి, ఒకచోట వేలు ఆపారు. "సరే, అలాగే కానివ్వండి." దాని కింద రెండు దండాలు, ఒక బొటనవేలు. అంతే, ఆ రోజు నుంచి ఆ బిల్డింగులో ఆవిడ మాటకు ఎదురు లేదు. ట్యాంకులోకి నీళ్ళు ఎక్కించాలా వద్దా అని వాచ్‌మన్ కూడా ఆవిడనే అడుగుతున్నాడు.

కోర్టుల వారికి ఇంత తేలిగ్గా నమ్మకం కుదరదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు చూపించాలంటే వెంట ఒక ధ్రువపత్రం ఉండాలి, అందులో హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు) రాయాలి, నిపుణుడు సంతకం పెట్టాలి. మన పెద్దమ్మల కోర్టులో ఇంత తతంగం లేదు. స్క్రీన్‌షాట్ చాలు. పైనా కిందా కోసేసిన స్క్రీన్‌షాట్ అయితే మరీ మంచిది, తీర్పు త్వరగా వస్తుంది.

ఇక నగరవాసుల్లో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ రోజూ రాత్రి 2 గంటలకు, మనం గుర్రు పెడుతున్న వేళ, అప్పటిదాకా వచ్చిన మాటలన్నిటినీ ఒక ఫైలుగా ఫోన్లోనే రాసి దాచుకుంటుంది. వారం రోజుల ఫైళ్ళ దాకా ఉంచుకుని అంతకన్నా పాతవి తీసేస్తుంది. ఈ సంగతి తెలియని బావగారు ఒకరు రాత్రి పదకొండింటికి ఫ్యామిలీ గ్రూపులో తోడల్లుణ్ణి కడిగి పారేస్తారు. పొద్దున్న ఆరింటికి కాఫీ తాగాక బుద్ధొచ్చి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కుతారు. అలా తుడిచెయ్యడానికి 2022 నుంచి రెండు రోజుల పైన గడువుంది కదా అని ఆయన ధీమా. గడువు ఉన్నమాట నిజమే, కానీ మధ్యలో రెండు కొట్టింది. అవతలి తోడల్లుడికి కాస్త ఓపికా, ఒక తెలివైన మేనల్లుడూ ఉంటే ఆ రాత్రి ఫైలు పెట్టి ఆ తిట్లను అక్షరం పొల్లు పోకుండా వెనక్కి తెచ్చుకుంటాడు. కాబట్టి తిట్టదలచినవారు రెండు దాటాక తిట్టి, మర్నాడు మళ్ళీ రెండు కొట్టేలోగా తుడుచుకోవాలని సవినయంగా మనవి. అంత రాత్రి దాకా మెలకువగా ఉండటం కష్టమంటారా? ఏ పనైనా కష్టపడందే రాణించదు.

ఈ ఊరు బ్యాకప్ విలువ తెలుసుకున్నది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను మన మీదే తీరం దాటింది. కరెంటు లేదు, టవర్లు లేవు, బీచ్ రోడ్డు గుర్తుపట్టేలా లేదు. ఫోన్లు తడిసి ముద్దయ్యాయి. వాట్సాప్ బ్యాకప్ ఫోన్లోనే ఉండిపోకుండా గూగుల్ డ్రైవ్‌లోకి, అంటే ఇంటర్నెట్లో గూగుల్ వాళ్ళ గోదాములోకి, వెళ్ళే ఏర్పాటు వచ్చింది 2015 అక్టోబరులో. అంటే సరిగ్గా ఏడాది ఆలస్యం. ఆ ఏడాది ఆలస్యంలో ఎన్ని చేబదుళ్ళు కొట్టుకుపోయాయో అప్పిచ్చినవాళ్ళకే తెలుసు. తుఫాను వెలిసిన మూడేళ్ళకు కూడా "ఇచ్చేశాను కదండీ, హుద్‌హుద్‌కి ముందే! మెసేజ్ కూడా పెట్టాను" అనే మహానుభావులుండేవారు. ఇళ్ళకు, పడవలకు, తోటలకు నష్టం లెక్క కట్టిన అధికారులు ఈ పద్దు ఎందుకు వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

బ్యాకప్ ఉన్నంత మాత్రాన సరిపోదు, తిరిగి రావాలి. పోర్టులో రిటైరైన ఒక పెద్దాయనకు ఫోన్ చెడిపోయి కొత్తది కొన్నారు. సిమ్ అదే, నంబరూ అదే. ద్వారకానగర్‌లో ఫోన్ షాపు కుర్రాడు వాట్సాప్ వేస్తే "బ్యాకప్ ఏదీ దొరకలేదు" అని వచ్చింది. కుర్రాడు స్కిప్ నొక్కేశాడు. వాడి వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు మరి. విచారణలో తేలిందేమంటే, పాత ఫోన్ సెట్ చేసింది అమెరికాలో ఉన్న కొడుకు. సెలవులకు వచ్చినప్పుడు తొందరలో తన జీమెయిలే పెట్టేశాడు. నంబరుతో పాటు అకౌంటు కూడా కలిస్తేనే పాత మాటలు వెనక్కి వస్తాయి. అంటే ఇన్నేళ్ళుగా తండ్రి స్వార్జితమైన సాక్ష్యాలన్నీ వీలునామా అవసరం లేకుండానే కొడుకు పేరు మీదికి వెళ్ళిపోతున్నాయన్నమాట! "స్కిప్ కొట్టారా నాన్నా? అయితే యాప్ తీసేసి మళ్ళీ మొదట్నించి వెయ్యాలి, నా జీమెయిల్ పెట్టండి, పాస్‌వర్డ్ చెప్తాను" అని అర్ధరాత్రి ఫోన్లో కొడుకు. ఓటీపీ అతని ఫోన్‌కి, కళ్ళజోడు ఈయన ముక్కు మీద.

చివరికి వచ్చాయి. ముందు రాతలొస్తాయి, బొమ్మలూ మాటలూ తర్వాత ఒక్కొక్కటే దిగుతాయి. పెద్దాయనకు కావలసింది పొలం వాటా గురించి తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ ఒక్కటే. అది వచ్చేలోపు గులాబీలొచ్చాయి, ఆవిరి కక్కుతున్న కాఫీ కప్పులొచ్చాయి, సింహాద్రి అప్పన్న నిజరూపం ఏడుగురు పంపితే ఏడుసార్లు దర్శనమయింది. మన దేశంలో ఫోన్లు ఎందుకు నిండిపోతున్నాయని గూగుల్ వాళ్ళు వెతికితే గుడ్ మార్నింగ్ బొమ్మలు బయటపడ్డాయని 2018లోనే వార్తలొచ్చాయి. పెద్దాయన ఆ వార్తను అప్పట్లో అన్ని గ్రూపులకూ ఫార్వర్డ్ చేశారు. అది కూడా తిరిగొచ్చింది.

ఈ సరుకంతా ఇదివరకు ఉచితంగా మోసేవారు. 2018 నవంబరు నుంచి ఆండ్రాయిడ్ వాళ్ళ వాట్సాప్ బ్యాకప్‌ను గూగుల్ తన లెక్కలో కలపలేదు. 2024లో కలపడం మొదలుపెట్టింది. ఇప్పుడు మెయిళ్ళు, ఫోటోలు, గులాబీలు అన్నీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులోనే ఇమడాలి. నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, లేదంటే నెలనెలా డబ్బు కట్టాలి. ఇలాంటి సమయంలో 2025 అక్టోబరులో అదే గూగుల్ మన విశాఖలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్లు కడతామని ప్రకటించింది. ఎన్ని ఉద్యోగాలొస్తాయి, ఎన్ని నీళ్ళు తాగుతుంది, కరెంటు ఎంత కాలుతుంది అని ఊరంతా చర్చ. మూల ప్రశ్న ఒక్కరూ అడగలేదు: స్థానికులకు ఆ 15 జీబీ మీద రాయితీ ఏమైనా ఉందా? ఉక్కు మన హక్కని అరిచిన ఊరు ఇది. సొంత గడ్డ మీద కట్టే గోదాములో మన గుడ్ మార్నింగులకు కాస్త చోటడిగితే తప్పా? కనీసం అప్పన్న బొమ్మలనైనా లెక్కలోంచి మినహాయించాలి. చందనోత్సవానికి మాత్రమే నిజరూపంలో కనిపించే స్వామిని అలాగే ఏడాది పొడుగునా చూపిస్తున్న ఘనత ఈ ఫోన్లదేనాయె.

భద్రతను మరీ ఎక్కువగా నమ్ముకున్నవారి కథ వేరు. 2021 నుంచి బ్యాకప్‌కు కూడా తాళం వేసుకోవచ్చు. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా అంకెలూ అక్షరాలూ కలిసిన 64 గుర్తుల తాళంచెవి తీసుకోవచ్చు. అది పోతే కంపెనీ వాడు కూడా తెరవలేడు. అక్కయ్యపాలెంలో ఒకాయన ఆ 64 గుర్తులనూ దేవస్థానం క్యాలెండరు డిసెంబరు పేజీ వెనక అందంగా రాసుకున్నారు. జనవరిలో కొత్త క్యాలెండరు వచ్చింది. పాతది వంటింటి అలమరలో పచ్చడి జాడీల కింద పరుచుకుంది. ఆవకాయ నూనె తగిలి సగం అక్షరాలు అలుక్కుపోయాయి.

ఇన్ని గండాలున్నా, సాక్ష్యాన్ని సమూలంగా నాశనం చెయ్యడానికి అసలైన ఆయుధం ఐఫోన్. ఆండ్రాయిడ్ నుంచి గూగుల్‌లోకి వెళ్ళిన బ్యాకప్‌ను ఐఫోన్ చదవలేదు. మార్చుకునే దారి 2022లో వచ్చింది గానీ దానికి పాత ఫోన్, కొత్త ఫోన్ రెండూ పక్కపక్కన ఉండాలి. అందుకే తెలివైన చుట్టాలు కొత్త ఫోన్ తెచ్చి పాతది ఎక్స్ఛేంజీలో ఇప్పించేస్తారు. మా చుట్టాల్లో ఒక పెద్దమ్మగారి దగ్గర పాతికమంది చేసిన వాగ్దానాల చిట్టా ఉంది. ఎప్పుడూ ఒక్క మాట మీదికి రాని ఆ పాతికమందీ ఈమధ్య ఏకమై, చందాలేసుకుని, ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకు ఐఫోన్ బహూకరించారు. "పాతది ఇలా ఇచ్చెయ్ పెద్దమ్మా, మంచి రేటొస్తుంది" అని ప్రేమగా చెయ్యి చాపారు కూడా.

పెద్దమ్మగారు డబ్బా ఇంకా విప్పలేదు. పాత ఫోన్లోవన్నీ స్క్రీన్‌షాట్లు తీయించి, జగదాంబ దగ్గర జిరాక్సు షాపుకి మనిషిని పంపించారట. షాపువాడు స్పైరల్ బైండింగ్ వెయ్యమంటారా అని అడిగితే, మూడు కాపీలు వెయ్యమన్నారట.