పంపు నోటికి బట్ట చుట్టకండి బాబూ

"బండి ఉన్న ప్రతి ఒక్కరూ తప్పక చదవండి, షోరూం వాళ్లు దాచిపెట్టే రహస్యం" అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. స్నేహితుల గ్రూపులో వచ్చింది, బళ్ల గ్రూపులో వచ్చింది, చివరికి నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పుకునే అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా వచ్చేసింది. పంపినవాళ్లలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లున్నారు. నా బాధంతా అదే.

చూడనివాళ్ల కోసం దాని సారాంశం. ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపిన పెట్రోల్ వల్ల బైకు ట్యాంకులో చెత్త చేరి, లోపల మునిగి ఉండి ఇంజన్‌కు పెట్రోల్ పంపే పంపు పోతోందట. కొత్త పంపుకు వేలకు వేలు గుంజుతారు కాబట్టి, 150 రూపాయల్లో మనమే ట్యాంకు లోపల ఫిల్టర్ కట్టుకోవాలట. ఎలాగంటే, పంపు బయటికి తీసి, దాని పెట్రోల్ పీల్చే నోటికున్న కంపెనీ జాలీ పీకేసి, అక్కడ కార్బొరేటర్ బళ్లకు వాడే కాగితం ఫిల్టర్ తగిలించి, పైన కాటన్ బట్ట రెండు మడతలు చుట్టి కట్టేయడం. పైపు ఏదైనా ఫర్వాలేదు. పంపు తిరుగుతోందో లేదో బ్యాటరీ నుంచి డైరెక్టుగా వైర్లు లాగి చూసుకోవాలి. ట్యాంకు అడుగున అయస్కాంతం వేయాలి, నెలకు రెండు కర్పూరం బిళ్లలు వేయాలి. బంకులో ట్యాంకరు లారీ దింపుతున్నప్పుడు పెట్రోల్ కొట్టించకూడదు.

చిన్నవాటి సంగతి ముందు తేల్చేద్దాం. కర్పూరం పెట్రోల్లో కరుగుతుంది, ఇంజన్లో కాలిపోతుంది, చెత్తకు మాత్రం ఏమీ చేయదు. దేవుడి దగ్గర వెలిగించుకోండి, పుణ్యమైనా వస్తుంది. అయస్కాంతం ఇనుప రజనును పడుతుంది, నిజమే. కానీ ట్యాంకులో రాలే ఎర్ర తుప్పు అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. రోడ్డు దుమ్ము, ఇసుక అసలే అంటుకోవు. ట్యాంకరు దింపేటప్పుడు కొట్టించొద్దన్న మాట మాత్రం సబబే. బంకు ట్యాంకు అడుగున పేరుకున్నది ఆ సమయంలో లేస్తుంది. బంకు పంపుల్లో ఫిల్టర్లు ఉంటాయి గానీ, కాసేపు ఆగితే మనకు పోయేదేమీ లేదు. అనుమానం ఉంటే ఫిల్టర్ పేపర్ టెస్ట్ (కాగితం మీద పెట్రోల్ చుక్క వేసి, ఆరాక మరక మిగులుతుందేమో చూడటం) చేసి చూపించమని అడగండి. అది అడిగే హక్కు మనకుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఇథనాల్ గురించి చెప్పింది సగం నిజం. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో సగం ఖాళీ ట్యాంకుతో బండిని వారాల తరబడి మూలన పడేస్తే నీరు చేరుతుంది. అది పెట్రోల్ కలుపుకోగల హద్దు దాటితే, ఇథనాల్‌ను కూడా తనతో లాక్కుని అడుగుకు దిగుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. ఈ20ను, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో బళ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి కాబట్టి, అంతకు ముందు కొన్న బండి ఉన్నవాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. అయితే అడుగున చేరిన నీటికి మందు, ట్యాంకు దించి ఖాళీ చేసి శుభ్రం చేయడం. కాటన్ బట్ట నీటిని ఆపదు. పీల్చుకుని, తడిసి, తర్వాత వదిలేస్తుంది.

ఇక అసలు సంగతి, ఆ బట్ట.

ఈ సలహా రాసిన మహానుభావుడు కార్బొరేటర్ బండి మీద పెరిగినవాడని తెలిసిపోతోంది. అక్కడ పెట్రోల్ తన బరువుకు తాను కిందికి జారుతుంది. మధ్యలో కాగితం ఫిల్టర్ పెట్టినా, చిల్లుల గుడ్డ పెట్టినా, బండి కాస్త నసిగి నడిచేస్తుంది. 2020 ఏప్రిల్లో బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చాక బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. ట్యాంకులో మునిగి ఉండే కరెంటు పంపు సుమారు 3 బార్ (మామూలు గాలి పీడనానికి మూడింతలు) ఒత్తిడితో పెట్రోల్‌ను ఇంజెక్టర్‌కు, అంటే ఇంజన్లోకి పెట్రోల్ చిమ్మే సన్నటి ముక్కుకు తోస్తుంది. మెసేజ్ రాసినాయనకు అంతుపట్టనిది ఒక్కటే. ఈ పంపు తోయడంలో మొనగాడు, పీల్చడంలో అర్భకుడు. తోసే వైపు ఎంత సన్నటి ఫిల్టర్ పెట్టినా నెట్టుకుపోతుంది. పీల్చే వైపు అడ్డం పెడితే మాత్రం, ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే.

ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. పెట్రోల్లో తేలికపాటి భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలవుతాయి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో సిగ్నల్ దగ్గర నిలబడిన బండి ట్యాంకు ముట్టుకుని చూడండి. పైన ఎండ, కింద ఇంజన్ వేడి. లోపల పెట్రోల్ ఆవిరి కావడానికి సిద్ధంగా ఉంటుంది. పంపు నోటి దగ్గర బట్ట అడ్డం పడి ఒత్తిడి కాస్త తగ్గగానే అక్కడే బుడగలు పుడతాయి. పంపు లోపలికి వెళ్లేది సగం పెట్రోల్, సగం ఆవిరి. పైగా ఆ మోటారును చల్లబరిచేది దానిలోంచి పోయే పెట్రోలే. పెట్రోల్ తగ్గితే మోటారు వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా బుడగలు, బుడగలొస్తే ఇంకా వేడి.

బయటికి ఎలా కనిపిస్తుందంటే, ఊళ్లో తిరిగినంతసేపూ బండి బంగారం. ఫ్లైఓవర్ మీద వెనకాల మనిషిని ఎక్కించుకుని పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పికప్ పడిపోతుంది, మిస్సింగ్ వస్తుంది, ఆగిపోతుంది. పక్కకు తోసుకెళ్లి కాసేపు నిలబెడితే చల్లబడి మళ్లీ స్టార్ట్ అవుతుంది. మామూలు బళ్లలో పెట్రోల్ ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉండదు కాబట్టి మీటర్లో ఇంజన్ లైటు సాధారణంగా వెలగదు. మెకానిక్ ప్లగ్గు మారుస్తాడు, కాయిల్ మారుస్తాడు, ఆఖరికి "పంపు వీక్ అయింది సార్" అంటాడు. నిజంగానే అయి ఉంటుంది, ఆ బట్ట పుణ్యమా అని. ఏ పంపు ఖర్చు తప్పించుకోవాలనుకున్నామో ఆ ఖర్చే పెట్టాలి.

అంతేనా అంటే, ఇంకా ఉంది. కంపెనీ జాలీ ట్యాంకు అడుగుకు ఆనుకుని వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. తడిసిన ఆ నైలాన్ జాలీ ఒక పక్క తేలినా, రెండో పక్క మునిగి ఉన్నంతవరకు గాలిని రానివ్వకుండా పెట్రోల్‌నే పీలుస్తుంది. దాని స్థానంలో కాగితం ఫిల్టర్ పెడితే, ఆ చిన్న గొట్టం మూతి ఒక్కటే దారి. పెట్రోల్ తక్కువున్నప్పుడు మలుపులో బండి వాలిందంటే మూతి తేలిపోయి గాలి లాగుతుంది. పంపు కింద అదనంగా ఫిల్టర్ దూర్చారు కాబట్టి మీటరుకు పెట్రోల్ మట్టం చెప్పే ఫ్లోట్ కమ్మీకి తిరిగే చోటు కూడా ఉండదు. మీటరు సగం ట్యాంకు దగ్గర బిగుసుకుపోయి ఉంటుంది, మీరు ఎండలో బండి నెట్టుకుంటూ ఉంటారు. ఇక ఆ బట్ట పోగులు ఊడి ముందుకు పోతాయి. ఇంజెక్టర్ రంధ్రాలు వెంట్రుక మందంతో పోల్చాల్సినంత చిన్నవి. ఫిల్టర్ పేరుతో చెత్తను మనమే సరఫరా చేస్తున్నామన్నమాట. శభాష్.

పైపు ఏదైనా ఫర్వాలేదట! పెట్రోల్ పైపు లోపలి పొర పెట్రోల్‌ను తట్టుకునేలా చేస్తారు. బయటి పొరను ఎండకూ దుమ్ముకూ చేస్తారు. దాన్ని ట్యాంకులో ముంచితే బయటి నుంచి మెత్తబడి, ఉబ్బి, క్లిప్పు కింద నుంచి జారిపోతుంది. మునిగి ఉండటానికే తయారుచేసిన పైపు వేరే ఉంది, దాని మీద జే30ఆర్10 (J30R10) అని ఉంటుంది. ఇంజెక్షన్ బళ్లకు బయట వాడే జే30ఆర్9 (J30R9) రకం కూడా లోపలికి పనికిరాదు. ధర చూసి గుండె జారుతుంది, కానీ మనకు కావలసింది జానెడు ముక్కే కదా.

బ్యాటరీ వైర్ల సలహాకు నవ్వు కూడా రావడం లేదు. పంపు తీసిన ట్యాంకు నోరు తెరుచుకుని ఉంటుంది, చుట్టూ ఆవిరి. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం దాటితే అంటుకుంటుంది. అక్కడ చేత్తో వైరు ఆనించి మెరుపు పుట్టించమంటున్నారు. మిగతా సలహాలతో బండి ఆగిపోతుంది. దీంతో మనిషే కాలిపోతాడు. దయచేసి ఈ ఒక్క ముక్క కోసమైనా ఆ మెసేజ్ డిలీట్ చేయండి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ వెనకున్న కోపం న్యాయమైనదే. జాలీ ఒక్కటి మూసుకుపోయినా మొత్తం పంపు సెట్టు మార్చాలనడం, లోపలి ఫిల్టర్‌ను చాలా బళ్లకు విడిగా అమ్మకపోవడం దోపిడీ కాక మరేమిటి? పాత బళ్లలో కొళాయి విప్పి జాలీ కడుక్కుని మళ్లీ బిగించేవాళ్లం. ట్యాంకులో సొంత ఫిల్టర్ పెట్టుకోవాలన్న ఆలోచనలో తప్పు లేదు. పెట్టే చోటే తప్పు.

చేయాలనుకుంటే ఇలా చేయండి. పంపు నోటికి జాలీ ఉండాల్సిందే. పాతది మూసుకుపోతే కొత్త జాలీ, అదే సైజుది, ట్యాంకు అడుగుకు ఆనేలా. సన్నటి ఫిల్టర్ తోసే వైపు, పంపుకూ, ఒత్తిడిని ఒకే స్థాయిలో నిలిపే ప్రెషర్ రెగ్యులేటర్‌కూ మధ్యన. అలా పెడితే ఫిల్టర్ కొంత మూసుకున్నా, రెగ్యులేటర్ దాని తర్వాతి ఒత్తిడిని చూసి సర్దుకుంటుంది. రెగ్యులేటర్ దాటాక పెడితే ఆ వెసులుబాటు ఉండదు. ఫిల్టర్ ఇంజెక్షన్ ఒత్తిడికి చేసిన ఇనుప డబ్బా రకం కావాలి. బాణం గుర్తు ఇంజెక్టర్ వైపు ఉండాలి. క్లిప్పు చుట్టూ సమంగా బిగుసుకునేది కావాలి, స్ప్రింగు క్లిప్పు కాదు. పని అయ్యాక లైన్లో ప్రెషర్ గేజ్ పెట్టి, సర్వీస్ మాన్యువల్లో ఉన్న సంఖ్య నిలబడుతోందో లేదో చూడాలి. గేజ్ లేని మెకానిక్ అయితే ఇంకో మెకానిక్‌ను చూసుకోండి.

ఇప్పటికే బట్ట చుట్టేసినవాళ్లు ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఆరుబయట ట్యాంకు ఖాళీ చేసి, పంపు తీసి, బట్టా ఫిల్టరూ పారేసి, కొత్త జాలీ వేయండి. పంపు మూత కింది రబ్బరు రింగు కూడా కొత్తదే కావాలి. పాతది పెట్రోల్లో ఉబ్బి ఉంటుంది, గాడిలో పెట్టబోతే ఒక వైపు కూర్చుంటే ఇంకో వైపు లేస్తుంది. దాన్ని సిలికాన్‌తో అతికించే ప్రయత్నం చేయొద్దు, పెట్రోల్ తగిలితే అదీ ఊడుతుంది. అన్నీ బిగించి, శుభ్రమైన పెట్రోల్ పోసి, బండి సొంత కనెక్టరే తగిలించి, బ్యాటరీ నెగెటివ్ మళ్లీ పెట్టాక కూడా ఇంజెక్టర్ వైపు పైపు అప్పుడే పెట్టకండి. తాళం ఆన్ చేసి, ఆ పైపులోంచి కొంత పెట్రోల్‌ను శుభ్రమైన డబ్బాలోకి పట్టి, వెలుతురులో చూడండి. ఒక్క నూలు పోగు కనిపించినా మళ్లీ పట్టండి.