2520ని కనిపెట్టింది రామానుజన్ కాదు

ఏటా డిసెంబరు 22న, రామానుజన్ పుట్టినరోజుకి, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్ దిగుతుంది. 1 నుంచి 10 వరకు అన్నిటితోనూ శేషం లేకుండా పోయే సంఖ్య లేదని ప్రపంచమంతా అనుకుంటుంటే ఆయన 2520ని కనిపెట్టాడట. అలాంటిది అదొక్కటేనట. వారంలో 7 రోజులు, నెలలో 30 రోజులు, ఏడాదిలో 12 నెలలు గుణిస్తే అదే రావడం పెద్ద రహస్యమట.

అదొక్కటేనా? రెట్టింపు చేసి చూడండి, 5040. అదీ పదింటితోనూ పోతుంది. 7560 కూడా అంతే. వాటన్నిటిలో చిన్నది 2520, అంతవరకే నిజం. బళ్లో చెప్పిన క.సా.గు. ఇదే.

లేదని ఎవరనుకున్నారు? ప్లేటో తను ఊహించిన నగరంలో 5040 కుటుంబాలుండాలన్నాడు, 1 నుంచి 10 దాకా ఎన్ని భాగాలైనా చేయొచ్చని. మనవైపు 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు భిన్నాల లెక్కల్లో క.సా.గు.ని నిరుద్ధం అన్నాడు. ఆయన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన.

రహస్యం సంగతి కాగితం మీదే తేలిపోతుంది. 8, 9, 5, 7 రాసుకోండి. 2, 4 రెండూ 8లోనే ఉన్నాయి, 3 ఏమో 9లో. 6కీ 10కీ కావాల్సినవీ వీటిలోనే దొరుకుతాయి. 8×9=72, ఐదు పెడితే 360, ఏడు పెడితే 2520. సరదాకి ఇంకో 11 పెడితే 27720, దాంతో 12 ఫ్రీ. 13 పెడితే 360360, 14, 15 కూడా కలిసొస్తాయి. 16 దగ్గర ఒక్క 2 తక్కువవుతుంది. అదీ పెడితే 720720.

ఇక క్యాలెండర్. వారంలో రోజుల్ని నెలలో రోజులతో గుణిస్తే వచ్చేది ఏమిటో నాకైతే అర్థం కాలేదు. అసలు ఏడాదికి 365 వేసి ఏడుతో గుణిస్తే 2555, అది 2తోనే పోదు.

నాకు చిరాకెక్కడంటే, ఈ సంఖ్యతో రామానుజన్‌కి నిజంగానే సంబంధం ఉంది, మెసేజ్‌లో అది మాత్రం ఉండదు. 2520కి 48 కారణాంకాలున్నాయి. అంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలాంటి వాటికి హైలీ కాంపోజిట్ అని పేరుపెట్టి 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో పెద్ద పేపరే రాశాడాయన. అందులోని పట్టిక 10080 కారణాంకాలున్న 6746328388800 దాకా వెళ్తుంది. కంప్యూటర్ లేని రోజుల్లో, చేత్తో. ఒక్కటే జారిపోయింది: 293318625600. దాన్ని 23తో గుణించి చూడండి, పట్టికలోని ఆ ఆఖరి సంఖ్యే వస్తుంది.