ఏకాదశి నాడు గుక్కెడు నీళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, ఏకాదశి ఉపవాసానికి నేను వ్యతిరేకిని కాను. పెళ్ళయిన ఏడాది నుంచి, అంటే 22 ఏళ్ళుగా, నెలకు రెండు ఏకాదశులూ ఉంటున్నాను. 2023లో అధిక శ్రావణం వచ్చి 24 కాస్తా 26 అయినప్పుడు కూడా ఒక్కటీ వదల్లేదు. కాబట్టి "నీకు భక్తి లేదు, అందుకే ఇలా రాస్తున్నావు" అనబోయేవారు ఆ శ్రమ మానుకోండి. నాకు ఒళ్ళు మండేదల్లా ఆ ఒక్క రోజు చుట్టూ మనం పోగేసిన భయాన్ని చూసి.

పోయిన ముక్కోటి ఏకాదశి నాటి సంగతి. అత్తయ్యగారికి 74 ఏళ్ళు. చక్కెర వ్యాధి వచ్చి పదిహేనేళ్ళయింది. ఏ ఏకాదశికైనా పొద్దున కాసిని పాలు, మధ్యాహ్నం ఏదో ఒక పండు, రాత్రికి ఇంత ఉప్పుడుపిండి, ఇదీ ఆవిడ లెక్క. ఆ రోజు మాత్రం తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం చేసుకుని వచ్చి, "ఇవాళ మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నారు. ఎందుకని అడిగితే ఫోను చూపించారు. భజన బృందంలో ఎవరో పంపిన సందేశం. ముక్కోటి నాడు గుటక మింగితే ఎన్ని జన్మల పుణ్యం పోతుందో అంకెలతో సహా ఉంది. పదిమందికి పంపకపోతే ఏమవుతుందో కూడా చివర్లో ఉంది. కాసేపు వాదించాను. ఆఫీసు పని ముంచుకొస్తుంటే "మీ ఇష్టం" అని వదిలేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆవిడ నాకు చెప్పని విషయం ఒకటుంది. పొద్దున వేసుకునే మాత్ర మానలేదు. తులసి తీర్థంతో మింగేశారు. తీర్థం కాబట్టి వ్రతానికి భంగం లేదు, మాత్ర కాబట్టి ఒంటికి మంచిది అని రెండు వైపులా సర్దుకున్నారు, పాపం. చక్కెర వ్యాధికి ఇచ్చే మాత్రల్లో కొన్ని, మనం తిన్నామా లేదా అని చూడవు. రక్తంలో చక్కెరను దించుతూనే పోతాయి.

సాయంత్రం నాలుగింటికి సహస్రనామం చదువుతున్న గొంతు ముద్దగా వినిపించింది. వెళ్ళి చూస్తే, చలికాలంలో, జాకెట్టు వీపంతా తడిసి ఉంది. పుస్తకం పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. వేలు గుచ్చి చూస్తే మీటరు మీద 52. 70 కంటే తగ్గితేనే జాగ్రత్త పడమంటారు వైద్యులు. పరుగున చక్కెర నీళ్ళు కలిపి తెచ్చి గ్లాసు నోటి దగ్గర పెట్టాను. ఆవిడ పెదవులు బిగించేశారు. "ద్వాదశి రానీ అమ్మాయ్" అన్నారు, పళ్ళ సందుల్లోంచి. ఉపవాసం విడిచే ద్వాదశి పారణకు ఇంకా రాత్రంతా ఉంది.

ఇంక నాకు దారి తోచక మా పంతులుగారికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఆవిడ చెవి దగ్గర ఉంచాను. సంగతి విన్నాక ఆయన తడుముకోలేదు. "అమ్మా, ఆపో మూలం ఫలం పయః. నీళ్ళతో వ్రతం చెడదు, మందుతో అసలే చెడదు. ఆ గ్లాసులో ఉన్నది ఇప్పుడు మీకు మందు. నా మాటగా తాగండి" అన్నారు. తాగారు. పావుగంట ఆగి మళ్ళీ చూసి మరికొంత పట్టించాను. చెమట ఆరింది, మాట తేరుకుంది, "పుస్తకంలో ఎక్కడిదాకా వచ్చానే" అని అడిగారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. అందులో సగం కోపమే.

కోపం ఎందుకంటే, పంతులుగారు చెప్పిన ఆ శ్లోకం ఏ మారుమూల తాళపత్రంలోనో లేదు. మహాభారతం ఉద్యోగపర్వంలో, విదురనీతిలో ఉంది. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని లెక్కపెట్టి చెబుతుంది. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. మొదలే నీళ్ళతో, ముగింపు మందుతో! 74 ఏళ్ళ జీవితంలో, అన్ని ప్రవచనాలు విన్న మనిషికి, ఈ ఒక్క శ్లోకం ఎవరూ చెప్పలేదు. నరకం గురించి చెప్పనివారు మాత్రం లేరు. ఏకాదశి నాడు తింటే పాపమని గట్టిగా విధించే శ్లోకం కూడా ఎనిమిదేళ్ళు దాటి ఎనభై నిండని వారికే ఆ మాట చెబుతుంది. పసివాళ్ళను, పండుటాకులను శాస్త్రమే పక్కన కూర్చోబెట్టింది. మనం లేపి నిలబెడుతున్నాం.

అంబరీషుడి కథ అందరికీ తెలిసిందే, భాగవతం నవమ స్కంధం. ఏడాది పాటు ద్వాదశీ వ్రతం పట్టి, చివర కార్తీకంలో మూడు రాత్రులు ఉపవాసం ఉన్నాడు. పారణ వేళకు దుర్వాసుడు వచ్చి, భోజనానికి ఒప్పుకుని, స్నానానికని యమునకు వెళ్ళి ఎంతకూ రాడు. ద్వాదశి ఇంకో అర ముహూర్తం మిగిలింది. అతిథికి పెట్టకుండా తింటే ఒక దోషం, ద్వాదశి దాటితే ఇంకో దోషం. పెద్దలను అడిగితే నీళ్ళు తాగమన్నారు. నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. తాగాడు. దుర్వాసుడు వచ్చి మండిపడ్డాడు, అంబరీషుడి మీదకు కృత్య అనే రాక్షసిని పుట్టించాడు. సరే, విష్ణుచక్రం చివరికి ఎవరి వెంట పడింది? గుక్కెడు నీళ్ళు తాగాడని కళ్ళెర్రజేసిన మహర్షి వెంట! సందేశాలు పంపే భక్తబృందం ఈ ముక్క దగ్గర కాస్త ఆగి ఊపిరి తీసుకుంటే బాగుండును.

నీళ్ళు కూడా ముట్టని ఏకాదశి మన పెద్దలకు తెలియక కాదు. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశికి ప్రత్యేకంగా నిర్జల ఏకాదశి అని పేరు. అది భీముడి కోసం పుట్టిన బేరం. ఆకలి తట్టుకోలేను మొర్రో అంటే, వ్యాసుడు ఏడాదికి ఒక్కటే కటిక ఉపవాసం ఉండమన్నాడట. వృకోదరుడికే ఏడాదికి ఒక్కటి. 74 ఏళ్ళ మనిషికి మనం ఎన్ని విధిద్దాం?

భయం ఇంటికే పరిమితం కాదు. ముక్కోటి ఒక్క రోజే ఉత్తర ద్వారం తెరుచుకుంటుంది, తప్పితే వైకుంఠం తప్పినట్టే అని మనల్ని మనమే తరుముకుంటాం. తిరుమలలో 2020 నుంచి ఆ ద్వారం పది రోజులు తెరిచి ఉంచుతున్నారు. అయినా 2025 జనవరి 8న తిరుపతిలో టోకెన్ల కోసం తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. దర్శనానికి వెళ్ళినవారు కూడా కాదు, దర్శనం టోకెనుకు వెళ్ళినవారు.

ఇక ధాన్యం గొడవ. ఏకాదశి నాడు పాపపురుషుడు ధాన్యంలో దాక్కుంటాడు కాబట్టి గింజ తగలకూడదంటారు. మంచిది. మరి తొలి ఏకాదశికి తరతరాలుగా మనం తినేదేమిటి? పేలాలు దంచి బెల్లం కలిపిన పేలపిండి. జొన్న ధాన్యం కాక మరేమిటి? పేలాలు వేయించేటప్పుడు పాపపురుషుడు ఎగిరి బయటపడి ఉంటాడు! ఉప్పుడుపిండి బియ్యపు రవ్వే కదా అని ఎవరో మా అత్తయ్యగారిని తప్పుపట్టారు. ఆవిడ అమ్మ తిన్నారు, అమ్మమ్మ తిన్నారు. వైష్ణవ నియమం ఒకటి, ఇంటి ఆనవాయితీ ఒకటి, రెండూ ఈ నేల మీదే ఉన్నాయి. తేదీకి కూడా ఇదే గోల. దశమి ఛాయ సోకిందని వైష్ణవులు మరునాడు ఉంటే, స్మార్తులు ముందురోజే ఉంటారు. పంచాంగంలో రెండూ వేస్తారు. ఎవరిది వారు ఉండక, ఎదుటివారిది చెల్లదని నిరూపించడానికి ఫోనుల్లో ఆ శక్తి అంతా ఖర్చు చేస్తారు, అదీ ఖాళీ కడుపుతో.

అసలు మాట ఇంకోటి ఉంది, మగవాళ్ళు కాస్త వినాలి. మన ఇళ్ళలో ఏకాదశి అంటే ఉపవాసం ఉన్న మనిషే అందరికీ వండాలి. పిల్లలకు అన్నం, కూర. ఉపవాసం ఉన్న అయ్యగారికి సగ్గుబియ్యం కిచిడీ, చిలగడదుంపల వేపుడు, మధ్యలో పళ్ళరసం. మామూలు రోజుకు ఒక వంట, ఏకాదశికి రెండు. పొయ్యి దగ్గర నిలబడి, ఉప్పు చూడటానికి కూడా లేకుండా కూర తిప్పడం ఎలా ఉంటుందో ఒక్కసారి చేసి చూడండి. ఉపవాసమంటే దేవుడి దగ్గర ఉండటం అని ప్రతి ప్రవచనంలోనూ వింటాం. 22 ఏళ్ళలో నేను ఎక్కువగా పొయ్యి దగ్గరే ఉన్నాను.

మొన్న మళ్ళీ ఏకాదశి వచ్చింది. ఈలోగా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి, ఉపవాసం రోజు ఏ మాత్ర వేసుకోవాలో ఏది ఆపాలో రాయించుకొచ్చాను. ఆయన ఉండవద్దనలేదు, పాలూ పళ్ళూ మానవద్దన్నారు, అంతే. ఆ చీటీ వెనకవైపు పంతులుగారి శ్లోకం రాసి మాత్రల డబ్బాకు అంటించాను. అత్తయ్యగారు పొద్దున స్నానం చేసి, తులసికి నీళ్ళు పోసి, గ్లాసెడు పాలు తాగి, భజన బృందంలో ఎవరికో ఫోను చేసి ఆ శ్లోకం చదివి వినిపించారు. అవతలావిడ నమ్మినట్టు లేదు. "విదురుడు చెప్పాడమ్మా, మా కోడలు కాదు" అని గట్టిగా అన్నారు.

తొమ్మిదింటికి నేను కూరగాయలు తీస్తుంటే కత్తిపీట పక్కకు జరిపి, "నువ్వూ ఉపవాసమేగా, ఇలా వచ్చి కూర్చో" అన్నారు. తరువాత హాల్లోకి చూసి, "ఏమండీ, ఇవాళ మీరు తింటారుగా, కుక్కరు పెట్టుకోండి" అన్నారు. మామయ్యగారు పేపరు దించి చూశారు. బియ్యం డబ్బా ఎక్కడుందని అడిగారు.